మిర్సిని పళ్లెంలో నూనె

మిర్సిని నూనె తగలకూడని ఉపవాసపు తిండిలో నూనె పోసింది. ఇది తేలిపోయిన సంగతి. పంతొమ్మిదేళ్ల కిందటే తేలిపోయింది, మళ్లీ విచారించాల్సింది ఏమీ లేదు. ఆమె మొన్న ఫిబ్రవరిలో పోయింది. మనిషి పోయినంత మాత్రాన పోసిన నూనె వెనక్కి రాదు.

ఆమె మొగుడు ప్రోకోపిస్ ఊరి రొట్టెల బట్టీలో, గోడవార బల్ల మీద, టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు. పొద్దుటి రొట్టెలు దిగిపోయాయి, బట్టీ వేడి కాస్త నెమ్మదించింది, ఇప్పుడు ఇళ్ల నుంచి వచ్చిన పళ్లేల వంతు. ఆరు పళ్లేలు లోపలికి పోయాయి. ఆరోది అతనిది. ఆడవాళ్లు పళ్లెం అప్పజెప్పి వెళ్లిపోయారు, గంటకు వస్తారు. నువ్వూ పోయి కాఫీ తాగిరా బాబాయ్, ఇక్కడ మగవాళ్లెవరూ కూర్చోరు అంది పెలాగియా. బట్టీ ఆమె మామ ఇగ్నాతిస్‌ది. ఆయన పోయి మూడేళ్లయింది, ఇప్పుడు ఆమే నడుపుతోంది. అక్కర్లేదు, నా పళ్లెం ఉన్నంతసేపు నేనుంటాను అన్నాడు ప్రోకోపిస్. ఆమె పళ్లెం మధ్యలో గుచ్చి ఉన్న సబ్జా రెమ్మ వైపు ఒకసారి చూసి, ఏదో అర్థమైనట్టు తల ఊపి, పిండి తొట్టి గీకడానికి పోయింది. ప్రోకోపిస్‌కి డెబ్బై రెండేళ్లు వచ్చాయి, బట్టీ గడప తొక్కడం ఇదే మొదలు. రొట్టె ఇంటికి వచ్చేది, పళ్లెం ఇంటికి వచ్చేది, మోసుకొచ్చే చేతులు వేరే ఉండేవి. ఇందాక పళ్లెం ఎత్తుకుని కాఫీ అంగడి ముందు నుంచి వస్తుంటే పాచికల చప్పుడు ఆగిపోయింది. ఏరా ప్రోకోపీ, నడుముకి వంటగుడ్డ మర్చిపోయావే అన్నాడు అంగడి ఫోతిస్. అందరూ నవ్వారు. నవ్వనీ. గంట తర్వాత నవ్వేదెవరో చూద్దాం.

ఎందుకంటే ఈ పళ్లెంలో నూనె లేదు. చుక్క లేదు. తన చేతులతో చేశాడు, తన కళ్లతో చూశాడు. నిన్న ఫోతిస్ అన్న మాటకి ఇది జవాబు. చచ్చినదాన్ని కూడా వదలవా నువ్వు, ఆమె పళ్లెం నిగనిగలాడితే నూనె పోసినట్టేనా, మా ఆవిడ పళ్లెం చూడు, చుక్క నూనె లేకుండా అద్దంలా మెరుస్తుంది, అది చేతి చలవ అన్నాడు. చేతి చలవ అట. ముప్పై ఏళ్లు ఆలివ్ నూనె గానుగలో పనిచేసినవాడితో చెప్పే మాటా అది? అయితే నూనె లేకుండా చేసి చూపించరా, ఎండిపోతే నీ మాట నెగ్గినట్టు, మెరిస్తే ఎల్లుండి పండగనాడు మిర్సిని సమాధి దగ్గరికి పోయి తల వంచి రా అన్నాడు. సరే అన్నాడు ప్రోకోపిస్. మెరవదని తెలుసు. తెలిసినా చూడాలనిపించింది. అదొక దురద. నూనె లేని టమాటా మంటలో గంట ఉంటే ఏమవుతుందో ఇన్నేళ్లలో అతను ఒక్కసారీ చూడలేదు. ఎవరూ చూపించలేదు.

చేయడం కష్టమేం కాదు అనుకున్నాడు. పొద్దున లేచి పెరట్లో ఎనిమిది టమాటాలు, నాలుగు మిరపకాయలు కోశాడు, ఆ లావుపాటి కారం లేనివి. టమాటా తొడిమ వైపు మూతలా కోసి, పూర్తిగా తెగకుండా ఒక పక్క అంటుకుని ఉండేట్టు వదలాలి. అది ఎవరూ నేర్పకుండానే చేతికి తెలిసింది. ఎక్కడిదీ తెలివి? వాకిట్లో కూర్చుని వల అల్లుకుంటూ నలభై ఏళ్లు ఓరకంటితో చూసిందే. మూత మారిందంటే టమాటా అలుగుతుంది అనేది మిర్సిని, ఎవరి టోపీ వాళ్లకే పెట్టాలి. గుజ్జు చెంచాతో తవ్వి తీయాలి, గోడ చిరగకూడదు. రెండు చిరిగాయి. లోపల చిటికెడు చక్కెర, చిటికెడు ఉప్పు. ఉల్లిపాయలు నూనెలో వేయించకూడదు కాబట్టి ఉప్పేసి మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేసేది ఆమె, వాటి ఏడుపులో అవే ఉడుకుతాయి అనేది. ఉడికాయి. అతని కళ్లూ మండాయి, అది ఉల్లిపాయ పని. పొట్టి బియ్యం, టమాటా గుజ్జు, పుదీనా, ఎండు ద్రాక్ష, పైన్ గింజల పప్పు. ముప్పావు వంతే కూరాలి, బియ్యం ఉబ్బుతుంది. అతను మొదట నిండా కుక్కి, తర్వాత గుర్తొచ్చి, వేలితో మళ్లీ తీశాడు. ఈ ఊళ్లో మాంసం లేని గెమిస్తాని, అంటే ఇలా కూరిన కాయల్ని, అనాథలంటారు. ఒక ఆగస్టులో ఆమె కూరుతూ కూరుతూ నవ్వింది. అమ్మలేదు, అయ్యలేడు, ఈ అనాథలకి నూనె కూడా లేకపోతే ఎట్లాగయ్యా అంది. ఆ మాట అతను మర్చిపోలేదు. తర్వాత నూనె దొరికినప్పుడు ఆ నవ్వునే సాక్ష్యంలో పెట్టాడు.

అంతా అయ్యాక ఆమె గడప దాకా పోయి వెనక్కి తిరిగేది. కిటికీ గట్టు మీది సబ్జా కుండీలోంచి ఒక రెమ్మ తుంపి పళ్లెం నడుమ గుచ్చేది. ఇదొక్కటి అతనికి ఎన్నడూ అర్థం కాలేదు. సబ్జా ఎవరూ తినరు, గుళ్లో శిలువ దగ్గర పెట్టేది, దోమలకని కిటికీలో పెంచేది. బట్టీలోకి పోయి మాడిపోయే రెమ్మ ఎందుకు? ఆడవాళ్ల చాదస్తం అనుకున్నాడు. పెళ్లయిన కొత్తలో గుచ్చేదా? గుర్తు లేదు. తర్వాత ఏళ్లలో మాత్రం ప్రతి ఆగస్టూ చూశాడు, పళ్లెం నడుముకి ఆనించుకుని ఆమె మెట్ల సందు దిగుతుంటే ఆ రెమ్మ తల ఊపుకుంటూ పోయేది. పోయే పళ్లేన్నే చూసేవాడు. వచ్చే పళ్లేన్ని చూసేవాడు కాడు, ఆ వేళకి మొహం గోడకి తిప్పుకునేవాడు. ఇవాళ చేసింది చేసినట్టు చేయాలి కాబట్టి తనూ ఒక రెమ్మ తుంపి గుచ్చాడు. పరీక్షలో ఏదీ వదలకూడదు.

గోడ గడియారంలో పావుగంట గడిచింది. బట్టీ మూత అంచుల్లోంచి పుదీనా వాసన వస్తోంది. పుదీనా వాసన తనదా, పక్క పళ్లేలదా? ముక్కు మంచిదే కానీ ఆరు పుదీనాల్లో తనది ఏరలేదు. నూనె అయితే ఏరుతుంది. కళ్లు కట్టి నాలుగు గిన్నెలు పెట్టండి, ఏ లోయ కాయో, ఏ నెల కోతో, సంచిలో ఎన్నాళ్లు మగ్గిందో చెప్తాడు. అదీ అసలు బాధ. ముక్కు లేనివాడయితే సుఖంగా తిని పండగనాడు సత్ప్రసాదం తీసుకుని బతికేవాడు. పంతొమ్మిదేళ్ల కింద, ఇదే పద్నాలుగో తారీకు, తెల్లారితే దేవమాత పండగ, పద్నాలుగు రోజుల ఉపవాసం ఆ పూటతో అయిపోతుంది. మిర్సిని పళ్లెం బల్ల మీద పెట్టింది. అతను టమాటా మూత ఎత్తాడు. పళ్లెం అడుగున పచ్చటి కళ్లు, చిన్నవి, గుండ్రటివి, అతనికేసి చూస్తున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. నూనె. అంతకన్నా ఘోరం, తమ నూనె కాదు. తమ చెట్ల నూనె గొంతులో సన్నగా గీరుతుంది, పచ్చి బాదంలా ఉంటుంది. ఇది పాతది, మెత్తనిది, పొగ వాసన వేస్తోంది. ఇంట్లో డబ్బాలో పుల్ల ముంచి చూశాడు. ముందు వారం పెట్టిన గీతకి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అంటే బయట నుంచి తెచ్చింది. మొగుడికి తెలియకుండా, ఇంకొకళ్ల ఇంట్లో దాచి, ఉపవాసం రోజున. నేను పొయ్యలేదయ్యా అంది మిర్సిని, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే. ఒక్కసారే అంది. ఇక మాట్లాడకు అన్నాడు. ఆ సాయంత్రం అతను కాఫీ అంగడిలో చెప్పాడు. వారంలో ఊరు కోడై కూసింది. దొంగనూనె మిర్సిని అన్నారు పిల్లకాయలు. ఆమె చర్చిలో ముందు వరసలోంచి వెనక స్తంభం దగ్గరికి మారింది. ఆ తర్వాత ప్రతి ఆగస్టూ ఆ పద్నాలుగు రోజులూ అతను వేరే కంచంలో రొట్టె, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు, పచ్చి టమాటా తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని తన పళ్లెంలోది తను తినేది. ఒక టమాటా ఎప్పుడూ అతని వైపుకి జరిపి ఉంచేది. పొద్దుటికి అది అలాగే ఉండేది.

ఆ నూనె ఎక్కడిదో మాత్రం అతనికి పట్టుకుంది. కోపం కన్నా అదే ఎక్కువ పట్టుకుంది, నిజం చెప్పాలంటే. ఆమె చెల్లెలి ఇంటికి పనిలేని పని మీద పోయి వంటింట్లో డబ్బా మూత తీసి వాసన చూశాడు. తీపి. కాదు. పక్కింటిది పుల్లన. కాదు. కొట్లో అమ్మేది పట్నం సరుకు, వాసనే లేదు. ఒకసారి చర్చిలో దీపం నూనెలో వేలు ముంచి నాకాడు, దేవుడి దీపంలోంచి తీసిందేమో అని కూడా అనుకున్నాడు, ఆ ఆలోచనకి తనే సిగ్గుపడ్డాడు. అది కూడా కాదు. గానుగకి వచ్చే ప్రతి బస్తానీ వాసన చూసేవాడు. పొగ వాసన వేసే మెత్తటి నూనె ఈ ద్వీపంలో ఎవరి చెట్టుదీ కాదు. పంతొమ్మిదేళ్లు. ఏదో ఒక సాకు పెట్టుకుని ఊళ్లో సగం మంది డబ్బాలు చూశాడు. అందర్నీ అడిగాడు, ఎవరికీ తెలియకుండా, చుట్టు తిప్పి. ఏమీ తేలలేదు. ఆమె పోయే ముందు రోజు ఆస్పత్రిలో పక్కన కూర్చుని కూడా, దేవుడు క్షమించుగాక, ఆ నూనె గురించే ఆలోచిస్తున్నాడు. ఆమె అతనికేసే చూస్తోంది. ఏదో అడుగుతాడని ఎదురుచూసినట్టు చూస్తోంది. దాహమా అన్నాడు. కాదంది.

పెలాగియా చేతులు దులుపుకుని వచ్చింది. సగం వేళయింది, పళ్లేలు తిప్పాలి బాబాయ్, కాళ్లు లాక్కో అంది. బట్టీ మూత తీసింది. వేడి మొహాన కొట్టింది. పొడుగాటి కర్రపారతో ఒక్కో పళ్లేన్ని లాగి నోటి దగ్గరి బండ మీద వరసగా పెట్టింది. మొదటిది పూజారి ఇంటిది, అన్నిట్లోకీ పెద్దది. మూడోది సొట్టదిగిన అంచుది, ఫోతిస్ ఇంటిది. చివర అతనిది, రెమ్మ నల్లబడి ముడుచుకుంది. ఆమె వంగి, బట్టీ పక్కన గోడ గూట్లోంచి ఒక డబ్బా లాగింది. మసి పట్టిన డబ్బా, మూత లేదు, లోపల ఒక గరిటె. చూడకముందే వాసన వచ్చింది. పాతది, మెత్తనిది, పొగది. ఏళ్ల తరబడి నిప్పు పక్కన కూర్చుని పొగ పీల్చిన నూనె. ప్రోకోపిస్ ముక్కు దాన్ని గుర్తుపట్టింది, తప్పిపోయిన మనిషిని సంతలో గుర్తుపట్టినట్టు. ఆమె గరిటెతో పూజారి పళ్లెం చుట్టూ ఒకసారి తిప్పి పోసింది. రెండోదానికి పోసింది. ఫోతిస్ పెళ్లాం చేతి చలవకి పోసింది. నాలుగు, అయిదు. ఆరోదాని దగ్గర గరిటె ఆగింది. రెమ్మని చూసింది, గరిటె డబ్బాలో వేసింది, డబ్బా గూట్లోకి తోసింది.

"నా దాంట్లో పొయ్యలేదేం?" అన్నాడు.

"సబ్జా గుచ్చావుగా బాబాయ్." ఆమె తల ఎత్తింది. అతని మొహం చూసింది. కర్రపార చేతిలోనే ఉండిపోయింది. "పిన్ని చెప్పలేదా నీకు? పోయేముందు చెప్పే ఉంటుందనుకున్నా. రెమ్మ గుచ్చుకొస్తే తెలిసే వచ్చావనుకున్నా."

చెప్పు అన్నాడు. ఆమె పళ్లేలు లోపలికి నెట్టి, మూత వేసి, వీపు ఆనించి నిలబడి చెప్పింది. ఇగ్నాతిస్ మామ యుద్ధకాలంలో ఆకలి చలికాలం చూసినవాడు, ఇద్దరు తమ్ముళ్లు ఆ చలికాలంలోనే పోయారు. నూనె లేని పళ్లేన్ని బట్టీలోకి నెట్టడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. ఎండలో చేనుకి పోయొచ్చేవాళ్లు ఈ ఎండు మెతుకులు తిని ఏం బతుకుతారు, పాపం నా మెడకి చుట్టుకోనీ అనేవాడట. ఆగస్టంతా, ఎవరికీ చెప్పకుండా, పళ్లేలు తిప్పేటప్పుడు ఒక గరిటె. ఆదివారం చర్చిలో కుడివైపు నిలబడి కీర్తనలు పాడేది కూడా ఆయనే. ఎవరికి అనుమానం వస్తుంది? మగవాళ్లు బట్టీకి రారు, ఆడవాళ్లు గంటకి గానీ రారు. వచ్చేసరికి మెరుస్తుంటే మన చేతి గొప్పే అనుకుంటారు. ఆ ఏడు ఆయన చెయ్యి మామూలు కన్నా ఎక్కువే జారిందట, మిర్సిని పండగ మర్నాడు వచ్చింది. నువ్వు కూర్చున్న ఆ బల్ల మీదే కూర్చుంది బాబాయ్. మా మామని నిలదీసింది. ఆయన దాచలేదు. నీ మొగుడితో నేనే చెప్పుకుంటానన్నాడు, వెంటనే ఏడ్చాడు. చెప్తే ఊరంతటికీ తెలుస్తుంది, నిన్న సత్ప్రసాదం తీసుకున్నవాళ్లంతా, నలభై ఏళ్లుగా తీసుకుని పోయిన ముసలాళ్లంతా, వాళ్ల ఉపవాసం ఏమవుతుంది అన్నాడు. తర్వాత, నా పళ్లేనికి మాత్రం పొయ్యకు అంది, గుర్తుగా సబ్జా రెమ్మ గుచ్చుతానంది. అప్పటినుంచి ఒక్క ఏడూ పొయ్యలేదు. మా మామ పోయాక నేనూ గరిటె మానలేకపోయా, ఆయన చెయ్యి నాకూ వచ్చింది.

"ఆయనకి చెప్పవా పిన్నీ అని అడిగా నేను," అంది పెలాగియా. "'ఆయన అడుగుతాడు. ఆ నూనె ఎక్కడిదే అని ఇవాళో రేపో అడుగుతాడు, అడక్కుండా ఉండలేడు. అడిగితే చెప్తా. అడక్కపోతే నేనెందుకు ఊరిని ఏడిపించాలి' అంది. అడిగావా బాబాయ్?"

ప్రోకోపిస్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ మోకాలికి తగిలించాడు. చెల్లెలిని అడిగాడు. కొట్లోవాడిని అడిగాడు. బస్తాల్ని, డబ్బాల్ని, దేవుడి దీపాన్ని అడిగాడు. బల్లకి అటువైపు కూర్చున్న మనిషిని, ఒక టమాటా ఇటు జరిపి పెట్టిన మనిషిని మాత్రం అడగలేదు. అడగడం ఎందుకు, తేలిపోయిందిగా. ఆస్పత్రిలో దాహమా అన్నాడు. అడిగిందల్లా అది. బట్టీ లోపల ఏదో చిటపటమంది. ఇది తన పళ్లెం కాదు, తన దాంట్లో చిటపటలాడ్డానికి ఏమీ లేదు. పద్దెనిమిది ఆగస్టులు ఆమె పళ్లెం కూడా ఇలాగే చప్పుడు చేయకుండా ఉడికి ఉంటుంది, ఎండి ఉంటుంది. బల్ల మీదికి వచ్చి అతని ఎదురుగా ఉండే ఉంటుంది. ఒక్కసారి మొహం ఇటు తిప్పితే కనపడేది. పళ్లెం అడుగున కళ్లు లేవని కనపడేది.

మిగతా గంట ఎట్లా పోయిందో అతనికి తెలియదు. మూత తీసిన చప్పుడైంది. ఆడవాళ్లు వచ్చారు, అబ్బ ఎంత మెరుస్తున్నాయో అనుకున్నారు, పళ్లేలు నడుముకి ఆనించుకుని పోయారు. పెలాగియా అతని పళ్లెం పాత గోనెగుడ్డలో పెట్టి ఇచ్చింది. టమాటాలు ముడతలు పడ్డాయి, మూతల అంచులు నల్లబడ్డాయి, పైన ఉబ్బిన మెతుకులు గట్టిపడి పలువరసలా బయటికి వచ్చాయి. ఒక్కచోట మెరుపు లేదు. ఎవరికీ చెప్పవుగా బాబాయ్ అంది ఆమె చిన్నగా. అతను గోనెగుడ్డ కొసలు పళ్లెం కిందికి మడిచాడు.

కాఫీ అంగడి ముందు ఆగాడు. ఆగకుండా పోవచ్చు, ఆగాడు. పళ్లెం బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు. వాళ్లు చుట్టూ మూగారు. ఒక టమాటా తీసి కొరికాడు. ముందు పులుపు, తర్వాత ఎండు ద్రాక్ష తీపి, చివర్న పుదీనా. మెతుకు గొంతులో నిలబడింది. నూనె ఉంటే జారేది. ఇదా ఆమె తిన్నది. రుచి లేకపోలేదు. ఉంది, ఒంటరిగా ఉంది. రెండోది తీశాడు.

ఫోతిస్ వంగి పళ్లెం లోపలికి చూసి ఈల వేశాడు. "ఒప్పుకున్నానురా ముసలోడా. ఎండి చెక్కయిపోయింది. నువ్వే గెలిచావు. మిర్సిని నూనె పోసిందన్నమాటే."

పక్కనున్నవాళ్లు తలలు ఊపారు. ఎన్నేళ్లనుంచో కావాలనుకున్న మాట. అందరి ముందూ, పండగ ముందు రోజు, ఎండు పళ్లెం సాక్షిగా వచ్చింది. ప్రోకోపిస్ వాళ్ల మొహాలు చూశాడు. కాసేపట్లో ఇళ్లకి పోయి మెరిసే టమాటాలు తింటారు, పెళ్లాల చేతులు మెచ్చుకుంటారు, రేపు పొద్దున కడిగిన చొక్కాలతో వరసలో నిలబడతారు. ఒక్క వాక్యం చాలు. నోట్లో సిద్ధంగా ఉంది, మెతుకు పక్కనే. మెతుకుతో పాటు మింగాడు.

"ఆమె పొయ్యలేదు," అన్నాడు.

"అదేంటి? నువ్వేగా ఇన్నేళ్లూ—"

"ఆమె పొయ్యలేదు."

"మరి ఎవరు పోశారురా?"

ప్రోకోపిస్ మూడో టమాటా మూత ఎత్తాడు, దాని మూత దానికే మళ్లీ పెట్టాడు. గోనెగుడ్డ కప్పి, పళ్లెం నడుముకి ఆనించుకుని లేచాడు. ఇది మిర్సిని పళ్లెం పట్టుకునే తీరు, చేతికి తెలియకుండానే వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఈ మాట ఇక నన్ను అడగొద్దు," అన్నాడు. "నేను ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."